మొద్దుల మీద నిలబెట్టిన బండి

మా వీధి చివర ఈమధ్య ఎలక్ట్రిక్ బండ్ల షోరూము పెట్టారు. అద్దాల గది, లోపల చల్లగా ఏసీ, గోడ మీద నవ్వుతున్న అమ్మాయి బొమ్మ. అందులో కొత్తగా చేరినవాళ్లు నేను సాయంత్రం నడకకు వెళ్తుంటే ఆపి కూర్చోబెడతారు. వీళ్ల పుట్టుకకు ముందు సంగతి కాకపోయినా, దాదాపు అంత పాతకాలంలో నేను కరెంటు బండ్లు బాగుచేశానంటే వాళ్లకు నవ్వొస్తుంది. "అప్పుడు కూడా ఉండేవా సార్?" అంటారు. ఉండేవి. ఉండి, పోయాయి. ఎందుకు పోయాయని అడిగితే మాత్రం నిలబడి చెప్పే సంగతి కాదని ఇంటికొచ్చేవాణ్ణి. కూర్చుని రాస్తే తప్ప తేలేది కాదని ఇది మొదలుపెట్టాను.

నాది మధిర పక్క ఊరు. పొట్ట చేతపట్టుకుని భద్రాచలం వైపు వెళ్లి, గోదావరి బ్రిడ్జికి ఇవతల బూర్గంపాడు రోడ్డులో ఒక షోరూములో సర్వీసు ఇన్‌ఛార్జిగా స్థిరపడ్డాను. అంతకుముందు పెట్రోలు బండ్లు. రెండు వేల ఏడు ప్రాంతంలో మా షావుకారు రావుగారు ఎలక్ట్రిక్ స్కూటర్ల ఏజెన్సీ తెచ్చారు. ఎన్ని బండ్లు అమ్మామో, నాకు ఏ మెడల్ వచ్చిందో రాయను. రాలేదు గనక అది సులువే.

కాగితం మీది లెక్క

బండితో పాటు కంపెనీ పాంప్లెట్లు పంపింది. టీ డబ్బులతో వారమంతా తిరగొచ్చని ఉంది. లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కిక్కు కొట్టే పని లేదు. అబద్ధమేమీ కాదు. పైగా మా అడవి ఊళ్లకు ఇది పట్నంకంటే ఎక్కువ అక్కరకొచ్చే బండి. లోపలి గూడేల్లో పెట్రోలు బంకు ఎక్కడిది? కిరాణా కొట్టు ముందు సీసాల్లో పోసి అమ్మేవాళ్లు. అందులో పెట్రోలెంత, కిరోసినెంత అని అడిగేవాడే లేడు. కరెంటు తీగ మాత్రం చాలా ఊళ్లకు అప్పటికే చేరింది. ఉన్నప్పుడు ఉండేది, లేనప్పుడు లేదు. అయినా బండి ఛార్జింగ్‌కు ఆ కాసేపు చాలేది.

కాగితం మీద లేనిది బ్యాటరీ ఖరీదు. అప్పట్లో సీటు కింద సీసం బ్యాటరీలు, ఒక్కో బండికి నాలుగు. అవి పోతే కొత్తవి కొనడానికి బండి ఖరీదులో సగానికి దగ్గర పడేది. పెట్రోలు ఖర్చు రోజూ కొంచెం కొంచెంగా జేబులోంచి పోతుంది కాబట్టి కనబడుతుంది. బ్యాటరీ ఖర్చు దాక్కుని ఉంటుంది. దాక్కుని ఒకేరోజు మీద పడుతుంది. నెలజీతం వచ్చేవాడు తట్టుకుంటాడు. మిర్చి కోతకు పోతే తప్ప డబ్బు కళ్లజూడనివాడు తట్టుకోలేడు.

ఒక్క ఛార్జింగ్‌కు ఇంత దూరం పోతుందని కూడా పాంప్లెట్లో రాశారు. అది సన్నటి మనిషి, చదును రోడ్డు, చల్లటి గాలి పెట్టుకుని వేసిన లెక్క. మా దగ్గర ముగ్గురెక్కేవాళ్లు. మే నెలలో భద్రాచలం ఎండకు బ్యాటరీ కూడా మనిషిలాగే నీరసపడేది. మాకు తెలిసిన డాక్టరుగారొకాయన ఎక్కడినుంచో చిన్న ఎలక్ట్రిక్ కారు తెచ్చుకున్నారు. పట్నంలో పేషెంట్లను చూడ్డానికి ముచ్చటగా తిరిగేది. ఒకసారి ఖమ్మం పెళ్లికి బయలుదేరారు. కారు ఖమ్మం చేరింది, లారీ మీద. ఆయన మంచివాడు కాబట్టి తనే ఆ కథ చెప్పి నవ్వేవాడు.

చండ్రుగొండ దగ్గరి రైతు ఒకడుండేవాడు. బండి మీద యూరియా బస్తాలు వేసేవాడు, వాగులో దించేవాడు. సర్వీసుకు తెచ్చినప్పుడల్లా నేను తిట్టడం, అతను పళ్లికిలించడం. మేం అమ్మిన బండ్లన్నిటిలో ఎక్కువకాలం నడిచింది అతనిదే. కారణమొక్కటే. ఎంత మొరటుగా వాడినా, రోజూ వాడి రోజూ ప్లగ్గు పెట్టేవాడు. ఈ సంగతి మనసులో ఉంచుకుని కిందిది చదవండి.

ముత్తమ్మ

బూర్గంపాడు నుంచి లోపలికి, తారురోడ్డు వదిలి మట్టిబాటలో పోతే ఒక కోయగూడెం. అక్కడి కన్నయ్య కూతురు ముత్తమ్మ. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. చంకలో కర్ర పెట్టుకుని నడిచేది. పది పాసైంది. వాగు అవతల ఇంకో గూడెంలో అంగన్‌వాడీ టీచరు పోస్టు వచ్చింది. ఆ ఇంట్లో నెలజీతం అన్నది అదే మొదలు. రోజూ తండ్రి సైకిలు వెనక కూర్చుని వెళ్లేది. కన్నయ్య ఆమెను దించి, పొలానికో అడవికో వెళ్లి, మళ్లీ సాయంత్రం వచ్చి ఎక్కించుకునేవాడు. ఆ పెద్దాయన పని చెడింది, మోకాళ్లు చెడ్డాయి.

ఇద్దరూ మా షోరూముకు వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. కన్నయ్య బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఎద్దును బేరమాడేటప్పుడు చూసినట్టే వంగి చూశాడు.

"కాలుతో తన్నుడు లేదా సారూ?"

"లేదు పెద్దయ్యా. తాళం తిప్పి, చేత్తో ఇట్లా అంటే పోతుంది."

"చప్పుడేది?"

"చప్పుడుండదు."

"చప్పుడు లేకుంటే పాణమున్నట్టు ఎట్ల తెలుస్తది?"

ముత్తమ్మ నవ్వాపుకుంది. నేను ఛార్జరు చూపించాను. ప్లగ్గు పెడితే ఎర్రలైటు, బ్యాటరీ నిండాక పచ్చలైటు. కన్నయ్యకు అది మాత్రం వెంటనే పట్టుబడింది. "ఎర్రగుంటె తింటున్నట్టు. పచ్చగయితె కడుపు నిండినట్టు. గంతే గద?" అన్నాడు. గంతే అన్నాను.

వెనక చక్రానికి రెండువైపులా చిన్న చక్రాలు వేయించి ఇచ్చాం. వర్క్‌షాపు వెనక ఖాళీ జాగాలో ముత్తమ్మ నేర్చుకుంది. మొదటిసారి ఒంటరిగా గేటు దాకా వెళ్లి తిరిగొచ్చి దిగకుండా అలాగే కూర్చుంది. "సారూ, నేను ఒక్కదాన్నే యాడికన్న పోవుడు పుట్టినంక ఇదే మొదలు" అంది. ఇన్నేళ్ల సర్వీసులో నేను ఎన్నో తాళాలు ఎందరి చేతుల్లోనో పెట్టాను. అంత సంతోషం మళ్లీ చూడలేదు.

ఆ చలికాలం, ఎండాకాలం ఆమె తనంతట తానే వెళ్లొచ్చింది. అప్పుడప్పుడు సంతరోజు బూర్గంపాడుకు కూడా వచ్చేది. వెనక సీట్లో కన్నయ్య, ఒళ్లో కోడిపుంజు. వచ్చిన ప్రతిసారీ మా షెడ్డు ముందు ఆగి, "మా అమ్మాయి నన్ను ఎక్కించుకొచ్చింది" అని వినిపించేలా చెప్పి గాని కదిలేవాడు కాదు.

వాన

ఆ రెండు గూడేల మధ్య వాగు వానాకాలం నిండుగా పారుతుంది. దాటడం కుదరదు. అందుకని వానలు పడ్డప్పుడల్లా ముత్తమ్మ అవతలి గూడెంలో మేనత్త ఇంట్లో ఉండిపోయేది. ఆ ఏడూ అలాగే ఉంది. బండి ఇవతల, తండ్రి దగ్గర.

మా వైపు వానాకాలం బండికి విశ్రాంతి. అంటే ఎడ్లబండికి. బాటలు బురదైపోయాక దాన్నెవరూ కట్టరు. ఇరుసు కింద మొద్దులు పెట్టి లేపుతారు, చక్రాలు నేలకు తగలకుండా, చెదలు పట్టకుండా. కాడి విప్పి దూలానికి కడతారు. కన్నయ్యకు బండి అంటే ఏం చేయాలో తాతల కాలం నుంచి తెలుసు. స్కూటరును తుడిచి, కొట్టంలో మొద్దుల మీద నిలబెట్టాడు. ఇనుపముక్క కనబడ్డచోటల్లా ఇప్పనూనె రాశాడు. పైన తాటాకులు, ఆపైన యూరియా సంచి. ఛార్జరును గుడ్డలో చుట్టి దూలానికి వేలాడదీశాడు.

వానలు వెనకబట్టాక ముత్తమ్మ వచ్చి తాళం తిప్పింది. బండి కదల్లేదు.

ట్రాక్టరులో వేసుకుని మా దగ్గరికి తెచ్చారు. బండి కొన్ననాటి కంటే ఎక్కువ మెరుస్తోంది. కన్నయ్య ముఖంలో దిగులు లేదు. ఇంత జాగ్రత్తగా పెట్టిన వస్తువుకు ఏమవుతుందన్న ధైర్యం. నేను అడక్కముందే చెప్పుకొచ్చాడు.

"చక్రాలు నేలకు తగలనియ్యలే సారూ. చెదలు పట్టనియ్యలే. ఒక్కనాడన్న కరెంటు తగలనియ్యలే. మా ఊళ్లె పిడుగుపడి సర్పంచి టీవీ కాలిపోయింది. గందుకని ఛార్జరు దూలానికే కట్టిన."

నేను సీటు లేపి మీటరు పెట్టాను. నాలుగింటిలో ఒక్కటీ ప్రాణంతో లేదు.

సీసం బ్యాటరీని వాడకుండా పెట్టినా లోపల కొద్దికొద్దిగా ఖాళీ అవుతూనే ఉంటుంది. మధ్యలో ఛార్జింగ్ పడకపోతే పలకల మీద తెల్లటి పొర గట్టిపడిపోతుంది. ఆ తర్వాత ఎంత కరెంటు పెట్టినా ఎక్కదు. పెట్రోలు బండిని ఆరునెలలు మూలన పెట్టినా నాలుగు కిక్కులు కొడితే లేస్తుంది. మాకు తెలిసిన బండ్లన్నీ అలాంటివే. వాడని నెలల్లో కూడా ఛార్జింగ్ పెట్టాలని కంపెనీ పుస్తకంలో ఒక మూల ఇంగ్లీషులో చిన్నక్షరాల్లో ఉందట. మాకిచ్చిన ట్రైనింగులో ఆ ముక్క లేదు. ట్రైనింగు ఇచ్చినవాళ్లు రోజూ ఆఫీసుకు పోయి వచ్చే మనుషులు. వానకు బాట మూసుకుపోయే ఊళ్లుంటాయని వాళ్ల ఊహకు తట్టలేదు. బాగా వాడినవాళ్ల బండి బతికింది. అపురూపంగా దాచుకున్నవాళ్ల బండి చచ్చింది. ఈ అన్యాయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నిజం చెప్పిన ఇంజినీరు

వారంటీ అడిగాం. కంపెనీ నుంచి ఒక యువ ఇంజినీరు వచ్చాడు. నీటుగా ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో ల్యాప్‌టాప్. చెడ్డవాడు కాదు. మీటరు పెట్టాడు, రాసుకున్నాడు, లేచి నిలబడ్డాడు. షెడ్డులో నేను, రావుగారు, ముత్తమ్మ, కన్నయ్య ఉన్నాం.

"ఇన్ని నెలలు ఛార్జింగ్ లేకుండా పెట్టారు. ఇది మాన్యుఫాక్చరింగ్ డిఫెక్టు కాదు, వారంటీ రాదు" అన్నాడు. కన్నయ్యకు అర్థం కాలేదని అతనికి అనిపించింది కాబోలు, తెలుగులో విడమరిచాడు. "బ్యాటరీ దానంతట అది పోలేదు. తిండి పెట్టకుండా మీరే చంపేశారు."

కన్నయ్య ఇంజినీరు వైపు చూడలేదు. కూతురు వైపూ చూడలేదు. బండి వైపు చూశాడు.

"నేను సంపిన్నా?" అన్నాడు. "ఎద్దుకు ఆకలైతె అరుస్తది సారూ. ఇది ఒక్కనాడన్న అరవలే" అన్నాడు.

ముత్తమ్మ కర్ర పట్టుకుని తండ్రి దగ్గరికి నడిచి, "నీదేం లేదు నాయినా, పోదాం పా" అంది.

ఆ ఇంజినీరు చెప్పింది అక్షరాలా నిజం. కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్లకు నేను గట్టిగా చెప్పగలిగింది ఇదొక్కటే. మీటరు చెప్పేది మీటరుకు తెలుస్తుంది. మనిషి ముందు దాన్ని ఏ మాటల్లో పెట్టాలో మీరే ఆలోచించుకోవాలి. వస్తువు పోయిందని చెప్పండి, ఎందుకు పోయిందో చెప్పండి, ఇకమీదట ఏం చేయాలో చెప్పండి. ఎవరు చంపారో చెప్పే పని మనది కాదు.

రావుగారి గురించి కూడా ఉన్నదున్నట్టు రాస్తాను. పిసినారి, కోపిష్టి, మాకు జీతాలు ఏనాడూ వేళకివ్వలేదు. కానీ ఆ రోజు వాళ్లు వెళ్లాక ఆయన ఇంజినీరుతో చాలాసేపు గొడవపడ్డాడు. "కొండకోనల్లో అమ్ముకోమని ఏజెన్సీ ఇచ్చేటప్పుడు వానలు పడతాయని తెలీదా మీకు?" అని అరిచాడు. లాభం లేకపోయింది. చివరికి నన్ను పిలిచి, "పాత సెట్లలో పనికొచ్చేవి ఏరి ఆ అమ్మాయికి కట్టివ్వు. నన్నడక్కు" అన్నాడు.

ఏరిన బ్యాటరీలు

వేరువేరు బండ్ల నుంచి తిరిగొచ్చిన బ్యాటరీల్లో కాస్త బతికున్నవి నాలుగు ఏరాను. ఏరిన సెట్టు ఎక్కువకాలం ఉండదు. నాలుగింటిలో బలహీనమైనది ముందు కూలి, మిగతావాటిని కూడా కుంగదీస్తుంది. ముత్తమ్మకు ఆ సంగతి ముందే చెప్పాను. "ఎన్నాళ్లొస్తె గన్నాళ్లే సారూ" అంది.

ఎండలు ముదిరేదాకా వచ్చింది. తర్వాత దారి మధ్యలో ఆగడం మొదలైంది. ఆగిన చోట నీడ కూడా ఉండేది కాదు. కర్ర పట్టుకుని నడవలేనంత దూరం, బండి వదిలిపోవడానికి మనసు రాదు. ఎవరైనా వచ్చేదాకా మోదుగ తుప్పల పక్కన కూర్చునేది. పిల్లలు ఆకలితో చూస్తుంటారని అప్పుడప్పుడు ఏడుపొచ్చేదని తర్వాత చెప్పింది. కన్నయ్య మళ్లీ సైకిలు తీశాడు. కానీ ఆ మోకాళ్లు ఇక ఒప్పుకోలేదు. ఒకరోజు కల్వర్టు దగ్గర ఇద్దరూ పడ్డారు. ఆయనకు చెయ్యి విరిగింది. ఆ నెలలోనే ముత్తమ్మ పోస్టు వదులుకుంది. అది అవతలి గూడెంలోనే ఉండే ఇంకొకామెకు ఇచ్చారు. ఇవ్వాల్సిందే, పిల్లలు ఎదురుచూడరు.

ఒకసారి నేను ఆ వైపు పనిమీద వెళ్లి చూద్దునుగదా, బండిలో బ్యాటరీలు ఉబ్బి, ఒకటి పగిలి, యాసిడ్ కారి చట్రం తినేస్తోంది. అలా ఉంచితే ప్రమాదమని నాలుగూ విప్పేశాను. కన్నయ్య అప్పుడు ఇంట్లో లేడు, ఇప్పపువ్వు ఏరడానికి వెళ్లాడు. ముత్తమ్మ నేను విప్పి పెట్టిన బ్యాటరీలు చూసి, లోగొంతుతో అంది.

"సారూ, సీటు మళ్ల మూసెయ్యండి. తీసినమని మా నాయినకు చెప్పకండి. ఇంజినీరు అన్న మాట ఆయన మనసులకెల్లి పోతలేదు. బండి ఎందుకు నడుస్తలేదంటె మోటరు సామాను రావాలె అని చెప్పిన."

సీటు మూసేశాను.

ఆ తర్వాత సంతలో కన్నయ్య కనబడినప్పుడల్లా ఒకటే మాట. "మోటరు సామాను వచ్చిందా సారూ?" ఇంకా రాలేదు పెద్దయ్యా అనేవాణ్ణి. "వస్తె చెప్పు. బండి మాత్రం తయారుగున్నది" అనేవాడు. తయారుగా అంటే ఏమిటో నేను అడగలేదు. కొంతకాలానికి కంపెనీ ఆ మోడలు ఆపేసింది. రావుగారు షట్టరు దించి, మళ్లీ పెట్రోలు బండ్లకే వెళ్లిపోయాడు, నేనూ ఆయన వెంటే.

ఇప్పటి బండ్లకు

ఇప్పటి బ్యాటరీలు మావాటి కంటే ఎంతో మేలు. తేలిక, ఎక్కువకాలం వస్తాయి, అంత తొందరగా చావవు. పెట్రోలు ధర చూస్తే లెక్క కూడా కరెంటు వైపే మొగ్గుతుంది. నేను వద్దనను. నా మనవరాలు కొనుక్కుంటానంటే కొనుక్కోమన్నాను. కొనేవాడు వచ్చినప్పుడు మాత్రం రోజుకెంత తిరుగుతావని ఒక్కటే అడిగి ఊరుకోకండి. ఎప్పుడెప్పుడు తిరగవని కూడా అడగండి. వానాకాలం బండి ఎక్కడుంటుంది, ఎవరు చూస్తారు, చూసేవాళ్లకు దాని సంగతి ఎవరు చెప్పారు అని అడగండి. బ్యాటరీ పోయిననాడు కొత్తది కొనగలడా, లేకపోతే ఆరోజు అతని పనేమవుతుందో ఆలోచించండి. ఇవన్నీ అడిగితే బేరం కొన్నిసార్లు పోతుంది. పోనివ్వండి.

పచ్చలైటు

రిటైరయ్యే ముందు ఏడాది, కన్నయ్య పోయాడని సంతలో ఎవరో చెబితే గూడేనికి వెళ్లాను. వానలు ఇంకా పూర్తిగా వెనకబట్టలేదు. ముత్తమ్మ అరుగు మీద కూర్చుని విస్తరాకులు కుడుతోంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. జ్వరం వచ్చిందట. వాగు నిండుగా ఉంది, దవాఖానకు తీసుకుపోయే దారి లేదు. ఇంట్లోనే పోయాడు.

కొట్టంలో స్కూటరు మొద్దుల మీద అలాగే ఉంది. దుమ్ము లేదు. ఇప్పనూనె వాసన. కానీ ఛార్జరు దూలానికి లేదు. గోడకున్న ప్లగ్గులో ఉంది. వైరు సీటు కిందికి పోయి ఉంది.

"ఇదేంది తల్లీ?" అన్నాను.

"ప్రతి వానకాలం గంతే సారూ. పొద్దుగూకంగనే ప్లగ్గు పెట్టేటోడు. ఉరుములకు నేను భయపడి వద్దన్న వినకపోయేది. కాలితె నేను కాలుత గని దాన్ని మళ్ల ఆకలితోని పండనియ్య అనేటోడు."

బ్యాటరీ తగిలించకపోతే ఆ ఛార్జరుకు పచ్చలైటే వెలుగుతుంది. ఎర్రగా మారదు. నింపడానికి అక్కడేమీ లేదు కాబట్టి. మా పనివాళ్లందరికీ తెలిసిన సంగతి.

"పెట్టంగనే పచ్చగయ్యేది" అంది ముత్తమ్మ. "చూసినవా, జల్దీ నిండుతది, మంచిగున్నది అనేటోడు. ఆఖరునాడు మంచం మీదికెల్లి లేవలేకపోయిండు. ప్లగ్గు పెట్టినవా బిడ్డా అనడిగిండు. పెట్టిన. మంచం గుమ్మం దగ్గరికి జరపమన్నడు. లైటు చూసిండు. ఈపారి నా చేతుల సావలే అన్నడు. ఇంక మాట్లాడలే."

ఆమె ఆకులు పక్కన పెట్టింది. నాకు ఏడుపొచ్చింది, ఆమెకు రాలేదు, లేదా అప్పటికే అయిపోయింది.

నేను లేస్తుంటే అడిగింది. "ఛార్జరు తీసి ఇచ్చెయ్యమంటరా సారూ? మీకు దేనికన్న పనికొస్తదేమో."

కొట్టంలోకి చూశాను. చీకటి పడుతోంది. గోడ దగ్గర ఆ చిన్న లైటు పచ్చగా వెలుగుతోంది.

"వద్దు తల్లీ, ఉండనియ్" అన్నాను.